ఒకటో ఫారం కథ

ఈ పత్రం పేరు గృహ సంఘటన నివేదిక. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 కింద వెలువడిన నియమావళికి అనుబంధంగా ఉన్న నమూనాలలో మొదటిది కావడం వల్ల కార్యాలయాలలో దీనిని ఒకటో ఫారం అనీ, పొడి అక్షరాలలో డి.ఐ.ఆర్. అనీ వ్యవహరిస్తారు. చట్టమూ నియమావళీ 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చాయి గనుక ఈ పత్రం పుట్టినరోజు కూడా అదే. 1983లో శిక్షాస్మృతిలో చేరి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోకి మారిన 498-ఎ సెక్షను క్రూరంగా ప్రవర్తించిన భర్తనూ అతని బంధువులనూ శిక్షించడానికి ఏర్పడగా, ఈ పత్రాన్ని కన్న చట్టం మాత్రం బాధితురాలికి తలదాచుకునే ఇల్లు, పోషణకు సొమ్ము, పిల్లల సంరక్షణ, మళ్లీ దెబ్బ పడకుండా రక్షణ ఉత్తర్వు ఇప్పించడానికి ఏర్పడింది.

ఈ పత్రం దేహమంతా గడులే. పేర్లు, చిరునామాలు, పిల్లల వివరాలు ముగిశాక శారీరక హింస, లైంగిక హింస, మాటలతోనూ మానసికంగానూ పెట్టే హింస, ఆర్థిక హింస, కట్నం వేధింపులు అనే శీర్షికల కింద ఏది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరివల్ల జరిగిందో రాయవలసి ఉంటుంది. మగపిల్లవాడు పుట్టలేదని అవమానించడం, పనికి వెళ్లనివ్వకపోవడం, తిండీ బట్టా మందులూ ఇవ్వకపోవడం, సంపాదించిన జీతాన్నో కూలినో బలవంతంగా లాక్కోవడం వంటివన్నీ ఇందులో ముందే అచ్చయి ఉన్నాయి. ఒంటిమీద గాయం లేనప్పుడు హింస ఎక్కడిదని అడిగే పెద్దమనుషులకు జవాబు ఆ గడులలోనే ఉంది. ఉపాధి హామీ కూలిని గానీ, అడ్డాకులు, చింతపండు అమ్ముకున్న సొమ్మును గానీ భర్త గుంజుకుంటే అది ఇంటి గొడవ కాదని, చట్టం గుర్తించిన ఆర్థిక హింస అని చెప్పగలగడమే ఈ పత్రం తన జీవితంలో చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు.

సీలేరు నది మీది డొంకరాయి వంటి చోట్ల, కొండరెడ్లు, కోయలు, కొండకమ్మరుల గూడేలున్న తూర్పు కనుమలలో, ఈ పత్రం అవసరం మైదానంలోకన్నా తక్కువ కాదు, ఎక్కువే. హిందూ వివాహ చట్టం, 1955 కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. పెళ్లిళ్లు కులాచారం ప్రకారం పెద్దల సమక్షంలో జరుగుతాయి కాబట్టి చాలామంది స్త్రీల చేతిలో వివాహ ధ్రువపత్రం ఉండదు. ఓలి, అంటే వరుడి తరఫువారు వధువు తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్ము, ముట్టిన చోట ఆడపిల్ల తిరిగివస్తే దానిని వాపసు ఇవ్వవలసి వస్తుందన్న భయం పుట్టింటివారి నోరు కట్టివేస్తుంది. గృహహింస చట్టం మతాన్నీ తెగనూ చూడదు. రక్తసంబంధం, వివాహం, దత్తత, లేదా వివాహం వంటి సంబంధం ద్వారా ఇద్దరూ ఒకే ఇంట ఉండటమో, ఎప్పుడైనా ఉండి ఉండటమో దానికి చాలు. ఈ సంగతి తెలియక కుల పంచాయతీ మాటతోనే ఆగిపోయిన స్త్రీకి జరిగే నష్టం చిన్నది కాదు.

కాగితంగా పుట్టిన ఈ పత్రం ఇప్పుడు ఫోను తెర మీద కూడా దొరుకుతున్నది. ఆ ప్రయాణానికి దారి నియమావళిలోనే ఉంది: అత్యవసర స్థితిలో ఈమెయిలు ద్వారానో ఫోను ద్వారానో నమ్మదగిన సమాచారం అందితే, చట్టాన్ని అమలుచేసే బాధ్యత గల రక్షణాధికారి పోలీసుల తోడుతో ఘటనా స్థలానికి వెళ్లి, ఈ పత్రాన్ని నింపి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు సమర్పించాలని 9వ నియమం చెబుతున్నది. మహిళల సహాయవాణి 181, జాతీయ న్యాయసేవల సంస్థ సహాయవాణి 15100, కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా న్యాయవాదితో మాట్లాడించేందుకు 2017లో మొదలైన టెలీ-లా ఆ దారిని విస్తరించాయి. అయితే గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ అందని గూడేలు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తరచుగా భర్తదే అవుతుంది గనుక ఆమె ఏం వెతికిందో అతనికి తెలిసిపోయే ప్రమాదమూ ఉంది. అమెరికాలో 2000లో మొదలైన విమెన్స్‌లా వంటి న్యాయ సమాచార వెబ్‌సైట్లు ఒక్క నొక్కుతో పేజీ నుంచి బయటపడే బటన్‌ను పెట్టినది ఈ ప్రమాదం తెలిసే. కానీ ఆ బటన్ ఫోనులో మిగిలే చరిత్రను చెరపదు గనుక అంగన్‌వాడీ కార్యకర్త ఫోనో, గ్రామ సచివాలయంలోని కంప్యూటరో వాడటం మేలు. హక్కులను వివరించే నాలుగో ఫారాన్ని ఇంగ్లీషులో గానీ స్థానిక భాషలో గానీ ఇవ్వాలని నియమావళి చెబుతున్నది. తెలుగుతోపాటు కోయ, కువి, ఆదివాసీ ఒడియా వినిపించే ఈ కొండలలో చదివే అక్షరంకన్నా వినిపించే గొంతు ముఖ్యమని గుర్తించి, ఆ సమాచారాన్ని ఆ భాషలలో మాటగా రికార్డు చేసి అందించడం ప్రభుత్వం ఇకనైనా చేయవలసిన పని.

ఈ పత్రం స్థానం ఎంతటిదో సుప్రీంకోర్టు 2022 మే 12న ప్రభా త్యాగి కేసులో తేల్చిచెప్పింది: నివేదిక అందితే మేజిస్ట్రేటు దానిని తప్పక పరిశీలించాలి, అందకపోయినా బాధితురాలి దరఖాస్తుపై ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంటే అధికారి రాలేదనో, గడులు నిండలేదనో న్యాయం ఆగకూడదు. మొదటి విచారణ తేదీ సాధారణంగా మూడు రోజులకు మించకూడదని, 60 రోజులలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం నిర్దేశించింది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించిన ప్రతివాదికి ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకూ షెడ్యూల్డు తెగలవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాది ఉచితంగా లభిస్తారు.

ఈ పత్రాన్ని కదిలించడానికి బాధితురాలే గడప దాటనక్కరలేదు. హింస జరిగిందనో జరగబోతున్నదనో నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చునని, సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ బాధ్యతా పడదని చట్టంలోని 4వ సెక్షను హామీ ఇస్తున్నది కనుక, పక్కింటి ఏడుపు విన్నవారు 181కి ఫోను చేయాలి.