ఒళ్లు పాతదే, తల కొత్తది

ఇస్తాంబుల్‌లో చిరస్థాయిగా నిలవాలంటే ఏమీ కట్టనక్కర్లేదు. ఎవడో కట్టించినదాని మీద మన తలకాయ అతికిస్తే చాలు. నమ్మకం కుదరకపోతే హేగియా సోఫియా మేడ ఎక్కి చూడండి. 11వ శతాబ్దపు మహారాణి జోయి, నడుమ క్రీస్తు, ఇటుపక్క డబ్బు సంచి సమర్పించుకుంటున్న భర్తగారు, అన్నీ బంగారు మొజాయిక్‌లో. ఆవిడకు వరసగా ముగ్గురు భర్తలు. బొమ్మ మాత్రం ఒక్కటే. అందుకని పాత మొగుడి తల పీకేసి, మూడో మొగుడు తొమ్మిదో కాన్‌స్టాంటైన్ తల పెట్టి, పైనున్న పేరు కూడా దిద్దేశారు. సంచి అదే, పట్టుబట్టా అదే. పథకం పాతదే ఉంచి ముందున్న ‘అన్న’ను మార్చే మన ప్రభుత్వాలు ఇదంతా తమ తెలివే అనుకుంటున్నాయి పాపం. సచివాలయాలకు పార్టీ రంగులు పూసి కోర్టు చేత తిట్లు తిన్నవాళ్లు ఒక్కసారి ఈ మేడ ఎక్కి ఉంటే, రంగు కన్నా మొజాయిక్ గట్టిదని తెలిసేది.

ఎక్కడానికి విదేశీయుల దగ్గర 25 యూరోలు పుచ్చుకుంటున్నారు. అంత పోసి వెళ్లిన మనవాడు చేసేదేమిటి? జోయికి వీపు చూపించి, ఫోన్ ఎత్తి, చట్రం నిండా తన తలే పట్టేలా నవ్వుతాడు. నాలుగో మొగుడన్నమాట. ఆ మేడ మీదే పాలరాతి పిట్టగోడ మీద హాల్ఫ్‌డాన్ అనే వైకింగ్ సిపాయి తన పేరు గీకిపోయాడు. దాన్ని ఇప్పుడు పండితులు చదివి మురిసిపోతున్నారు. గోల్కొండ గోడల మీద గుండె బొమ్మ గీసి రెండు పేర్లు చెక్కిన మన కుర్రాళ్లు నిరాశపడొద్దు. వెయ్యేళ్లు ఓపిక పడితే వాళ్లదీ వారసత్వ సంపదే!

బయట ఒకప్పటి రథాల పందేల మైదానం ఉంది. అక్కడ నిలబెట్టినవాటిలో రెండు బాగా పేరుగాంచినవి. రెండూ ఊరివి కావు. కంచు పాముల స్తంభం గ్రీకుల డెల్ఫీ గుడి నుంచి లేపుకొచ్చింది. మూడు తలలూ పోయాయి, ఒక్క పై దవడ మ్యూజియంలో మిగిలింది. రాతి స్తంభం ఈజిప్టు ఫారో మూడో తుత్మోసిస్‌ది. దాన్ని నిలబెట్టిన ఘనత మాత్రం థియోడోసియస్ చక్రవర్తిది, కింద పీఠం మీద చెక్కిన బొమ్మ ఆయనదే. అదే పీఠం మీద లాటిన్‌లో 30 రోజుల్లో నిలబెట్టామని, గ్రీకులో 32 రోజులని రాసుకున్నారు. రాయి ఒకటే, లెక్కలు రెండు. కాగ్ పుట్టని కాలం. పని చేయించిన అధికారి ప్రోక్లస్ పేరూ చెక్కారు. కొన్నేళ్లకే ఆయనకు మరణశిక్ష పడింది, పేరు చెరిపేశారు. తర్వాత గాలి మళ్లింది, పేరు మళ్లీ చెక్కారు. మనిషిని మాత్రం తెచ్చుకోలేకపోయారు.

ఇదే ఊరి కంచు గుర్రాలను 1204లో ఊరిని దోచుకున్నాక వెనిస్‌వాళ్లు ఓడలెక్కించారు. వెనిస్ నుంచి నెపోలియన్ ఎత్తుకుపోయాడు. అతగాడు ఓడిపోయాక 1815లో వెనిస్‌కు తిరిగిచ్చారు. దీన్నే న్యాయం జరగడం అంటారు: దొంగసొత్తు రెండో దొంగ దగ్గర్నుంచి మొదటి దొంగకు చేరడం.

ఇక బోస్ఫరస్ ఒడ్డున డొల్మాబాచే ప్యాలెస్. పైకప్పుల పూతకే 14 టన్నుల బంగారమని, దీపగుచ్ఛం నాలుగున్నర టన్నులని గైడు చెప్పగానే మన బృందంలో పెద్దాయన ఇవాళ్టి తులం రేటుతో గుణించడం మొదలుపెడతాడు. అది అప్పుల్లో కూరుకుపోతున్న సుల్తానుల రాజ్యం కట్టుకున్న ఇల్లని గుణించడు. అప్పుచేసి పప్పుకూడు అంటే ఏమిటో రాయిలో కట్టి చూపించిన మహానుభావులు వాళ్లు. 1856లో గృహప్రవేశం, 1875లో దివాలా, 1881లో అప్పులవాళ్లే ఆఫీసు తెరిచి ఉప్పు, పొగాకు మీద రాబడి నేరుగా జేబులో వేసుకోవడం. ఆ ఆఫీసు భవనం ఇప్పటికీ ఉంది, హైస్కూలు నడుస్తోంది. ఏ ప్యాకేజీ బస్సూ అక్కడ ఆగదు. దీపగుచ్ఛం లేదుగా!

ఈ వైభవం చివరి బిల్లు మన హైదరాబాద్‌కే వచ్చింది. 1924లో ఆ సుల్తానుల వంశపు ఖలీఫా అబ్దుల్ మెజీద్‌ను దేశం దాటించాక, ఫ్రాన్స్‌లో ఆయన పొయ్యి వెలిగింది నిజాం పంపిన పింఛనుతో. అంటే, చెప్పొద్దూ, మన రైతులు కట్టిన శిస్తుతో. 1931లో ఆయన కూతురు దుర్రుషెహ్వార్, ఆ వంశపు పిల్ల నీలోఫర్ నిజాం కోడళ్లయ్యారు, ఆపై హైదరాబాద్ వచ్చారు. ఇద్దరి పేరా ఆస్పత్రులు వెలిశాయి. వారం రోజులు ఇస్తాంబుల్ తిరిగి, సుల్తానుల పేర్లన్నీ బట్టీపట్టి శంషాబాద్‌లో దిగిన హైదరాబాదీని ఆపి నీలోఫర్ ఎవరని అడగండి.

“ఆ కేఫా? చాయ్ బాగుంటదన్నా. ఉస్మానియా బిస్కెట్‌తో తాగాలె” అంటాడు.