పాలపళ్ళ ఐఐటీ

పిల్లవాడికి పాలపళ్ళు ఇంకా ఊడలేదు, అప్పుడే ఐఐటీకి పునాది పడిపోయింది. వేసవి వచ్చిందంటే విజయవాడ నుంచి కరీంనగర్ దాకా ప్రతి కరెంటు స్తంభమూ ఇదే పాట: ఒకటో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. స్కూలు పేరులో టెక్నో ఉంటుంది, దాని పక్కన ఒలింపియాడ్ ఉంటుంది, చివర్న గ్లోబల్ అనో ఇంటర్నేషనల్ అనో తోక ఉంటుంది. రెండు వాటాల ఇంట్లో నడిచే బడికి కూడా ఆ తోక లేకపోతే అడ్మిషన్లు రావు. తల్లిదండ్రుల తొందరను తప్పుపట్టలేం. ఆరేళ్ళవాడికి జేఈఈకి ఇంక పన్నెండేళ్ళే గడువు!

సీటు దొరకాలంటే ముందు ఇంటర్వ్యూ గట్టెక్కాలి. పిల్లవాడిది పావు వంతు, తల్లిదండ్రులది ముప్పావు వంతు. నాన్నగారి డిగ్రీ ఏమిటి? అమ్మగారికి ఇంగ్లిషు వచ్చా? సాయంత్రం హోంవర్కు ఎవరు చూస్తారు? 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఇలాంటి వడపోత కూడదంది. మొదటిసారి చేస్తే 25 వేల రూపాయల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా అని కూడా రాసింది. పెద్ద క్యాంపస్‌లో అది ఒక పిల్లవాడి టర్మ్ ఫీజు. అంత చిన్న మొత్తానికి ఎవరు భయపడతారు?

నన్నడిగితే ఈ స్కూళ్ళు చేసే పనులన్నిటిలోకీ శాస్త్రీయమైంది ఆ ఇంటర్వ్యూ ఒక్కటే. తల్లి చదువుకున్నదై ఉండి, ఇంట్లో నాలుగు పుస్తకాలు కనబడుతూ, వేళకింత తిండి దొరికితే పిల్లలకు చదువు అబ్బే అవకాశం ఎక్కువని ప్రపంచమంతా తేల్చింది. యాజమాన్యానికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే చదువుకున్న తల్లుల్ని ఏరుకుంటుంది. పగలు డైరీలో రాసిచ్చి, రాత్రి పాఠం ఆవిడ చేత చెప్పిస్తుంది. ఆవిడకు తీరిక లేకపోతే ట్యూషన్ మేడం ఉండనే ఉంది. మార్కులొచ్చాక మాత్రం ఫోటో తన ఫ్లెక్సీ మీద వేసుకుంటుంది. వంట మనింట్లో వండుకుని తింటే హోటలువాడు బిల్లు వేసినట్టుంది వ్యవహారం.

ఈ ఏరివేత లేకుండా చూస్తే ఏం తేలుతుందో ఊహించక్కర్లేదు. మన ఊళ్ళలోనే చూశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలు, 180 గ్రామాలు తీసుకుని, అందులో సగం ఊళ్ళలో సర్కారు బడి పిల్లలకు లాటరీ తీశారు. పేరు వచ్చినవాడు ఊళ్ళోని ప్రైవేటు బడికి పైసా కట్టకుండా వెళ్ళొచ్చు. లాటరీ చీటీకి అమ్మ చదువూ తెలియదు, నాన్న జీతమూ తెలియదు. నాలుగేళ్ళ తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు లెక్క చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలినవాళ్ళకూ తగలనివాళ్ళకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు ప్రైమరీలో హిందీ చెప్పనే చెప్పరు కదా! తెలుగు మీడియం ప్రైవేటు బడిలో పడ్డవాళ్ళు, ఇంగ్లిషు మీడియంలో పడ్డవాళ్ళకన్నా మిగతా సబ్జెక్టుల్లో మెరుగ్గా ఉన్న సూచనలూ కనబడ్డాయి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పల్లెటూరి ప్రైవేటు బళ్ళు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఆ మాత్రం చదువు చెప్పాయి. ఆ గొప్ప వాటిదే. దాన్ని ఏసీ గదుల ఖాతాలో వేసుకోవడం కుదరదు. ఈ ఫలితాలు 2015లో పేరున్న ఆర్థిక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. కరెంటు స్తంభాలకు మాత్రం ఇంకా ఎక్కలేదు.

ఎక్కినా మనం నమ్మం. మన కొలత వేరు. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికొస్తాడు. గురువు గిరీశంతో కలిసి నాలుగు ఇంగ్లిషు ముక్కలు పలికేసరికి తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. గురజాడ చూపిన ఆ మూల్యాంకన పద్ధతి వందేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. చుట్టాలొస్తే పిల్లవాణ్ణి సోఫా ముందు నిలబెట్టి రైమ్ చెప్పిస్తాం. అందులో ఒక్క ముక్కకు అర్థం అడిగే దుర్మార్గుడు ఆ గదిలో ఉండడు.

తరగతి గదిలో ఇంకా వింత. పిల్లవాడు కూడికలకు ఇంకా వేళ్ళు మడుస్తూ ఉంటాడు, సిలబస్ మాత్రం పరిగెత్తిపోతుంది. మూడో తరగతి పాఠం ఒకటో తరగతిలో చెప్పడాన్నే ఫౌండేషన్ అంటున్నారు. అర్థంకానివాడు బట్టీ పడతాడు, శనివారం స్లిప్ టెస్టులో ఇరవైకి ఇరవై తెచ్చుకుంటాడు, సోమవారానికి మరిచిపోతాడు. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2024 అసర్ సర్వే చెప్పింది. సర్కారు బడి పిల్లల సంగతే కదా అనుకోకండి, ప్రైవేటువాళ్ళనూ కలిపిన లెక్క అది. ఆ సర్వే చేసే ప్రథమ్ సంస్థే దీనికి ఉపాయమూ చూపించింది: ఏ తరగతివాడన్నది పక్కన పెట్టి, ఎంతవరకు వచ్చో చూసి జట్లు కట్టి, అక్కడి నుంచి రోజూ కాసేపు చెప్పడం. పలు రాష్ట్రాల్లో అది పనిచేసింది కూడా. కానీ దానికి టాబ్ అక్కర్లేదు, స్మార్ట్ బోర్డు అక్కర్లేదు. అలాంటి సరుకు ఎవరు అమ్ముతారు?

సర్కారువారు ఈ పోటీలో వెనకబడ్డారనుకుంటే పొరపాటు. ఐదు తరగతులకూ ఒక్కరే టీచరున్న బడిలో ఆ ఒక్కరే హాజరు ఫోటో, భోజనం ఫోటో యాప్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ దొరికితే మిగిలిన టైంలో గుణింతాలు. గుడ్డు ఫోటో అడిగారు గానీ, గుడ్డు తిన్నవాడికి చదవడం వచ్చిందా అని ఆ యాప్ అడగలేదు.

జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్ళేవాళ్ళకు నా మనవి. ర్యాంకుల సంగతి అడగక్కర్లేదు, వాళ్ళే చెబుతారు. ఒకటో తరగతి టీచరును చూపించమనండి. ఆవిడ జీతమెంత, మూడేళ్ళలో ఆ తరగతికి ఎంతమంది టీచర్లు మారారు, గదిలో ఎంతమంది పిల్లలు, చదవడం రాని పిల్లవాణ్ణి ఏం చేస్తారు అని అడగండి. చివరి ప్రశ్నకు “ట్యూషన్ పెట్టించండి” అని జవాబొస్తే చెక్కు జేబులో పెట్టుకుని వచ్చేయండి.