జింకకు లైఫ్ సర్టిఫికెట్

హైదరాబాద్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం మీద ఇంత రగడ కావడానికి కారణం ఏఐ అని సర్కారువారు 2025 ఏప్రిల్‌లో తేల్చేశారు. జింకలు పరుగెడుతున్నట్టు, నెమళ్లు ఏడుస్తున్నట్టు చూపించినవి దొంగ వీడియోలట. చేసినవాళ్ల మీద కేసులట. అక్కడ పులులూ లేవు, జింకలూ లేవు, ఉన్నవల్లా గుంటనక్కలేనని ముఖ్యమంత్రిగారు అసెంబ్లీలో ముందే సెలవిచ్చి ఉన్నారు. కొన్ని బొమ్మలు నిజంగానే ఏఐవి, కాదనను. చిక్కేమిటంటే, ఈ మాటలు ఒక అసలు జింక చెవిన పడ్డాయి.

పాపం, దానికి భయం పట్టుకుంది. పెన్షన్ తీసుకునేవాళ్లకు ఈ భయం తెలుసు. ఏటా నవంబరులో ఎదురుగా నిలబడి "అయ్యా, బతికే ఉన్నాను" అని మొత్తుకున్నా ఆఫీసు నమ్మదు, వేలిముద్ర పడితేనే నమ్ముతుంది. అందుకని జింక పొద్దున్నే మీసేవకు పోయి, టోకెన్ తీసుకుని, లైన్లో నిలబడింది.

"ఏం సర్టిఫికెట్ గావాలె?"

"బతికున్నట్టు సార్. ఏఐ గాదన్నట్టు."

"రెండూ ఒక్క దరఖాస్తుల రావు. ముందుగాల ఏలు వెట్టు."

జింక గిట్ట పెట్టింది. మిషన్ తీసుకోలేదు. కళ్లు పెట్టమన్నారు. పెట్టింది. ఆపరేటర్ అనుమానంగా చూశాడు. "గింత పెద్ద కండ్లు ఏఐ గీసే ఘిబ్లీ బొమ్మలకే ఉంటయి గదా?"

"నిజం కండ్లే సార్."

"అడ్రస్?"

"సర్వే నంబర్ 25. పుట్టగొడుగు రాయి పక్కపొంటి. ఆ రాయిని ఉంచుతమని సర్కారు జాగలు జూసే టీజీఐఐసీ వాళ్లు చెప్పిన్రు. పక్కనుండేటోళ్ల సంగతే చెప్పలే."

"ఎన్నేండ్ల సంది ఉంటున్నరు?"

"తాతల కాలం సంది గీడనే. ఓనర్లే మారిన్రు సార్. 1974ల యూనివర్సిటీ వచ్చింది. 2004ల ఆటల కంపెనీకి ఇచ్చిన్రు. 2006ల వాపస్ గుంజుకున్నరు. ఇగ కోర్టులల్ల నడిచి నడిచి 2024ల సర్కారు గెల్చింది. కిరాయికున్నోళ్లను ఏ కోర్టూ పిల్వలే."

ఆపరేటర్ రికార్డు తెరిచాడు. "కంచ అస్తబల్ పోరంబోకు, సర్కారీ. అస్తబల్ అంటే గుర్రాల కొట్టం. నువ్వు గుర్రానివా?"

"గాదు సార్. కంచ అంటే మేసే జాగ గద..."

"గుర్రాల జాగల జింకకేం పని? కబ్జా కేసైతది, సూస్కో. ఇద్దరు సాక్షుల్ని తీస్కరా."

నెమలి వచ్చింది గానీ, బుల్డోజర్లొచ్చిన రాత్రి అరిచినందుకు దాని గొంతే అనుమానాస్పదం. నక్షత్ర తాబేలు బయల్దేరింది, ఇంకా దారిలోనే ఉంది. చివరికి యూనివర్సిటీ ఆవరణలోనే శాస్త్రజ్ఞులకు దొరికిన సాలీడొకటి ముందుకొచ్చింది. పేరు మురీసియా హైదరాబాదెన్సిస్. ఊరి పేరే ఇంటిపేరు, స్థానికతకు ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ పేరు ఫారం గడిలో పట్టలేదు.

జింక ఆఖరి కాగితం తీసింది. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగరం అవార్డు వచ్చిన వార్త.

"అది ఓఆర్ఆర్ పక్కపొంటి పెంచిన చెట్లను జూసి ఇచ్చిన్రు" అన్నాడు ఆపరేటర్. పాపం మంచివాడే, గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాడు. "ఫ్లైఓవర్ కింద లాన్ల ఫైబర్ జింకల్ని పెడుతున్నరు. ఆడ నిలవడితే గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ల లెక్కకొస్తవ్. కదలద్దు, మేయద్దు, గంతే. రోజూ నీళ్లు గొట్టి కడుగుతరు గూడ."

జింక ఆలోచించుకుని చెప్తానని వచ్చేసింది.

జింకను నమ్మరు సరే, దాని తరఫున వచ్చిన మనుషుల సంగతేమిటి? అడవులు కాయడంలో ప్రజల భాగస్వామ్యం ఈ రాష్ట్రానికి కొత్త సంగతి కాదు. 1992లో వన సంరక్షణ సమితులు పెట్టి, అడవిని మీరు కాయండి, ఫలసాయంలో వాటా ఇస్తామని పల్లె జనానికి చెప్పింది సర్కారే. 2020లో కేంద్రం నగర వనాల పథకం తెచ్చినప్పుడూ అదే పిలుపు: పౌరులు రావాలి, విద్యార్థులు రావాలి. వచ్చారు కదా! జీతం అడగలేదు, వాటా అడగలేదు, అడవికి అడ్డం నిలబడ్డారు. ఉగాది నాడు వాళ్లను పోలీసు వ్యానులెక్కించారు.

పెరట్లో చెట్టు కొట్టాలంటే మనం వాల్టా చట్టం కింద అర్జీ పెట్టుకోవాలి. ఒక్క మొక్క నాటాలంటే సర్కారువారికి వానాకాలం రావాలి, మంత్రి రావాలి, ఫ్లెక్సీ రావాలి. అడవిని పడగొట్టడానికి మాత్రం ఉగాది, రంజాన్ సెలవులు చాలాయి. కోర్టుల తలుపులు తెరిచేలోగా పని ముగించాలని రాత్రిళ్లు లైట్లు వేసి బుల్డోజర్లు తోలారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి వందెకరాల దాకా నేలమట్టం. ఇంత చేసి, అక్కడ ఏమీ లేదనడానికి నోరెలా వచ్చింది? లేకపోతే ఆ చీకట్లో వినిపించిన అరుపులు ఎవరివి? సిగ్గనేది ఉంటే ముందు ఆ నేలకు క్షమాపణ చెప్పాలి, ఆ తర్వాత ఏఐ మీద ఎన్ని కేసులైనా పెట్టుకోండి.

జింక దరఖాస్తు పెండింగ్‌లో ఉంది. ఏప్రిల్ 4న యూనివర్సిటీ ఆవరణలో కుక్కలు మీదపడి ఒక చుక్కల జింక చనిపోయింది.