తుడవబాకమ్మా, మళ్లీ వస్తాం!

పోలీసు జాగిలం ఇంటి నుంచి బయల్దేరి, కొంతదూరం వెళ్లి, మెయిన్ రోడ్డు దగ్గర ఆగిపోయింది.

ఈ వాక్యం ఎన్నిసార్లు చదివుంటారు? నేనైతే అక్షరాలు కూడబలుక్కునే రోజుల నుంచీ చదువుతున్నాను. చిత్తూరు జిల్లా ముక్కలైంది. ఎస్పీలు మారారు. ముఖ్యమంత్రులు మారారు. కుక్క మాత్రం మెయిన్ రోడ్డు దాటలేదు. దాన్నని ఏం లాభం? అది వచ్చేసరికి ఆ ఇంట్లోకి ఊరు ఊరంతా తొక్కుకుంటూ వచ్చి పోయుంటుంది. ఏ వాసన పట్టుకుని పోవాలది? దొంగదా? వార్డు మెంబరుదా? పరామర్శకొచ్చిన నాయకుడి సెంటుదా? యూట్యూబులో లైవు పెట్టిన తమ్ముడి చెప్పులదా?

మూడేళ్ల కిందట తిరుపతిలో మా ఎదురింట్లో దొంగలు పడ్డారు. అక్కావాళ్లు రెండు రోజులు బెంగుళూరులో కూతురింటికి వెళ్లొచ్చేసరికి తాళం తెగి ఉంది, బీరువా నోరు తెరిచి ఉంది. అక్క కేక వేసింది. వీధి మొత్తం దిగింది. నేనూ దిగాను. దాచుకోవడమెందుకు, బీరువా తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసిన పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి. తెగిన తాళాన్ని ఒకాయన చేతిలోకి తీసుకుని తూకం చూసి “కట్టరుతో కోసిండేదే ఇది” అని తీర్పిచ్చాడు. అది చేతులు మారింది. ఎనిమిది చేతులు మారాక పూజగదిలో తేలింది. పక్కింటి పెద్దమ్మకు బట్టలు కింద పడుంటే చూడబుద్ధి కాలేదు. మడతపెట్టి సర్దేసింది. కానిస్టేబుల్ వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. కాఫీ తాగాడు. గ్లాసు బీరువా మీద పెట్టాడు.

సాయంత్రానికి క్లూస్ టీమ్ నుంచి ఒక పిల్లవాడు పెట్టె పట్టుకుని వచ్చాడు. కుంచెతో నల్లపొడి అద్దుతూ అడిగాడు: “ఎంతమంది ముట్టుకున్నారక్కా దీన్ని?”

“మనోళ్లే నాయనా. బయటోళ్లెవురూ తాకలేదు.”

ఆ పిల్లవాడి మొహం నాకింకా గుర్తుంది.

1910లో ఫ్రాన్సులోని లియాన్‌లో ఎడ్మండ్ లోకార్డ్ అనే ఆయన కోర్టు భవనం అటకమీద రెండు గదుల్లో నేరపరిశోధన ల్యాబు తెరిచాడు. ఆయన చెప్పింది చిన్న సంగతి. చోటుకు వచ్చినవాడు ఏదో ఒకటి వదిలిపోతాడు, ఏదో ఒకటి అంటించుకుపోతాడు. వెంట్రుక, నూలుపోగు, మట్టి, చెమట. నేరపరిశోధన శాస్త్రం మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది. మన దగ్గర నేరస్తుడి తర్వాత ఇంకో 80 మంది వచ్చి వదిలిపోతారు, అంటించుకుపోతారు. పాపం లోకార్డ్ మా వీధికి వచ్చుంటే ల్యాబు మూసి అటకమీద ఉల్లిపాయలు ఆరబెట్టుకునేవాడు.

అసలు ఈ విద్య మనకు కొత్తదా? ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో పెట్టింది కలకత్తాలో. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీ దొరకు పోయింది. సరే, ఆనాటి సంగతి అది. తర్వాత వేలిముద్రలతో మనం సాధించిందేమిటి? రేషను షాపుకు వెళ్లి చూడండి. మట్టిలో, గడ్డిలో గీతలన్నీ అరిగిపోయిన అవ్వ వేలిని మిషను ఒప్పుకోదు. “ఇంగో వేలు పెట్టవ్వా. తడి తుడుసుకోని పెట్టు. ఇంగోసారి.” కిలో బియ్యం ముందు ఎంత నిక్కచ్చి విజ్ఞానం! ఆ మిషను పౌరుషం బీరువా పిడి దగ్గర ఏమైపోతోంది? అవ్వ పదిసార్లు నొక్కాలి. దొంగ ఒక్కసారి నొక్కిపోతే అడిగే దిక్కు లేదు.

ఇక చట్టం. 2024 జూలై 1న కొత్త చట్టాలొచ్చాయి. నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 176, సబ్ సెక్షన్ 3. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరం ఏది జరిగినా ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా ఆ చోటికి వచ్చి తీరాలి. ఆధారాలు సేకరించాలి. వీడియో తీయించాలి. చదువుతుంటే ఒళ్లు పులకరించడం లేదూ? ఆగండి. అదే వాక్యంలో ఇంకో ముక్క ఉంది. ఐదేళ్లలోపు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి. అంటే పెళ్లి ఖాయం, ముహూర్తం తర్వాత చెబుతారు. ఈలోగా మీ ఊళ్లో హత్య జరిగితే? ల్యాబు లేకపోతే వేరే రాష్ట్రం ల్యాబు వాడుకోవచ్చని కూడా అక్కడే రాశారు. పక్కింట్లో చక్కెర అప్పు తెచ్చుకున్నంత సులువు మరి!

ఆ చట్టం అమల్లోకొచ్చి ఇరవై రోజులే అయింది. జూలై 21, ఆదివారం రాత్రి. మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసు తగలబడింది.

మన రాష్ట్రంలో మంటకు రెండే కారణాలు. పూరిల్లు కాలితే దీపం బుడ్డి. ఆఫీసు కాలితే షార్ట్ సర్క్యూట్. ఈ షార్ట్ సర్క్యూట్ ఉంది చూశారూ, మహా చదువుకున్నది. క్యాంటీను జోలికి పోదు. సాహెబుగారి సోఫా ముట్టదు. ఫైళ్లెక్కడున్నాయో దానికి తెలుసు. 22ఏ అంటే అమ్మకూడని, కొనకూడని భూముల జాబితా అని తెలుసు. సెలవు రోజని కూడా తెలుసు. మదనపల్లెలో కాలినవాటిలో ఆ భూముల ఫైళ్లే ఉన్నాయి. 2,440 ఫైళ్లు పోయాయని, 700 దాకా దక్కాయని విచారణకొచ్చిన స్పెషల్ చీఫ్ సెక్రటరీ సిసోడియా లెక్క చెప్పారు. మర్నాడే డీజీపీ ద్వారకా తిరుమలరావు హెలికాప్టరులో దిగారు. ప్రమాదంలా లేదు, ఎవరో చేసిన పనిలా ఉందన్నారు. ఇద్దరు ఆర్డీవోలు, ఒక సీనియర్ అసిస్టెంటు సస్పెండయ్యారు. టీవీల్లో వారం రోజులు బూడిద చూపించారు. ఆ బూడిద చూసి తమ పాసుపుస్తకం ఏమైందోనని గుండెలు బాదుకున్న రైతుల్ని ఎంతసేపు చూపించారు?

హెలికాప్టరు వచ్చింది, మంచిదే. కానీ మంట దగ్గర సాక్ష్యానికి కావలసింది గాలి చొరబడని డబ్బా. పెట్రోలో, కిరోసినో పోసి తగలబెడితే ఆ ఆవిరి బూడిదలో కొంతసేపే దాగుంటుంది. వెంటనే డబ్బాలోకెత్తి మూత బిగించాలి. మామూలు కవరులో వేసి లక్క సీలు ఎంత అందంగా కొట్టినా, ల్యాబుకు చేరేసరికి సీలు మిగులుతుంది, ఆవిరి పోతుంది. కాలిన కాగితం కూడా మాట్లాడుతుంది. అప్పడంలా నల్లగా ముడుచుకున్న కాగితాన్ని నలపకుండా ఎత్తగలిగితే, ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో దానిమీది అక్షరాలు కనబడే వీలుంది. అప్పడం మీద బూటు పడిందా, ఇక అంతే. ఈ పనికి హెలికాప్టరు దిగే మైదానం అక్కర్లేదు. డబ్బా, చిమటా, ఓపిక, అందరినీ బయటికి పొమ్మని చెప్పగల ఒక్క మనిషి. ఆ నాలుగోది బడ్జెట్లో ఎక్కడ దొరుకుతుంది? వచ్చిన మంత్రిని “సార్, గడప అవతలే నిలబడండి” అనగలిగిన సీఐని మీరు చూశారా? చూసుంటే ఆయన ఇప్పుడు ఏ లూప్‌లైన్లో ఉన్నాడో చెప్పండి.

నెత్తురంటిన చొక్కానైతే నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. దీనికి పీహెచ్‌డీ కావాలా? తడిబట్ట మూటకడితే ఏమవుతుందో మా రేషను అవ్వకు తెలుసు.

కొండవైపు చూద్దాం రండి. 2015 ఏప్రిల్ 7, తెల్లవారుజాము. శ్రీవారిమెట్టుకు అవతల శేషాచలం అడవి. చీకటీగలకోన, సచ్చినోడిబండ. పేర్లు నేను పెట్టినవి కావు. తమిళనాడు నుంచి ఎర్రచందనం కొట్టడానికొచ్చారంటున్న 20 మంది కూలీలు తూటాలకు పడిపోయారు. రాళ్లతో, గొడ్డళ్లతో మీదికొచ్చారని, ప్రాణరక్షణకు కాల్చామని టాస్క్‌ఫోర్సు చెప్పింది. శవాల పక్కనున్న దుంగల మీద పాత పెయింటు గుర్తులేమిటని విలేకరులు ఆ రోజే అడిగారు. మావాళ్లను దారిలో బస్సులోంచి దింపి తీసుకుపోయారని, తప్పించుకున్నవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషను ముందు చెప్పారు. తిరువణ్ణామలైలో ఆరు శవాలకు రెండోసారి పోస్టుమార్టం చేయించాల్సి వచ్చింది, హైకోర్టు చెబితే. మొదటిసారి చేసింది చాలకపోతే కదా రెండోసారి? పదేళ్లు దాటాయి. ఎవరికైనా శిక్షపడినట్టు మీరెక్కడైనా చదివారా?

దుంగను పట్టుకుంటే నంబరు వేస్తారు. పొడవు కొలుస్తారు. తూకం రాస్తారు. గ్రేడు కడతారు. గోదాములో పెట్టి కాపలా పెడతారు. వేలం నాటికి ఒక్క చెక్కముక్క తగ్గినా ఉద్యోగాలు పోతాయి. చూశారా, సాక్ష్యం భద్రపరచడం మనకు రాదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా వచ్చు. దానికి ధర పలకాలి, అంతే.

చిత్తూరులో ఇంకో లెక్క. 2015 నవంబరు 17. మేయరు కఠారి అనురాధను, ఆమె భర్త మోహన్‌ను కార్పొరేషను ఆఫీసులోకే, పట్టపగలు, బురఖాల మాటున వచ్చి చంపారు. చోటు తెలుసు. సమయం తెలుసు. చుట్టూ ఆఫీసు నిండా జనం. ఐదుగురికి చిత్తూరు కోర్టు మరణశిక్ష వేసింది 2025 అక్టోబరు 31న. పదేళ్లకు 17 రోజులు తక్కువ. తీర్పు వచ్చింది కదా, సంతోషించమంటారా? సంతోషిస్తాం. మేయరు కుర్చీ దగ్గర జరిగిన హత్యకే పదేళ్లయితే, సందు చివర జరిగిన దానికి ఎంతో మీరే కట్టండి.

సీమలోనే ఇంకాస్త పైకెళ్తే పులివెందుల. 2019 మార్చి 15 పొద్దున మాజీ మంత్రి వివేకానందరెడ్డి పోయారన్న వార్త మొదట గుండెపోటుగా వచ్చింది. ఆ గదిలో నెత్తురు కడిగేశారని, గాయాలకు కట్లు కట్టారని సీబీఐ అభియోగపత్రం చెబుతోంది. కేసు కోర్టులో ఉంది, తీర్పు మనం చెప్పకూడదు. కానీ ఒక్క సందేహం. గుండెపోటుకు గది కడగడమేమిటండీ? పైగా కడిగితే పోతుందనుకోవడం! కడిగిన గచ్చు మీద లూమినాల్ చల్లి దీపాలార్పితే మిగిలిన నెత్తురు నీలంగా మెరుస్తుంది. గచ్చుకు జ్ఞాపకం ఎక్కువ. మనుషులకే తక్కువ.

ఎవరూ కడగకుండా, ఎవరూ తొక్కకుండా సాక్ష్యం కోర్టు దాకా చేరిందనుకోండి. గెలిచినట్టేనా? ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థినిని చంపారు. ఒక కుర్రాణ్ణి పట్టుకుని జైల్లో పెట్టారు. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అంది. మళ్లీ దర్యాప్తు చేద్దామని సీబీఐ వస్తే, విజయవాడ కోర్టులో దాచిన వస్తువులు అప్పటికే ధ్వంసమైపోయాయి. కోర్టులో! చివరికి 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వారు. బీరువాలో ఉండాల్సిన సాక్ష్యాన్ని మట్టిలో వెతుక్కున్నారు. ఆ తల్లిదండ్రులు ఇంకా ఏమివ్వాలి ఈ ప్రభుత్వానికి?

ఇంత కథలో ఒకసారి మాత్రం ల్యాబు రిపోర్టు మెరుపులా వచ్చింది, అందరి నోళ్లలో నానింది. 2024లో తిరుమల నెయ్యి. ఏటా కోటానుకోట్ల లడ్డూలు చేసే కొండమీద అప్పటికి కల్తీ పట్టే ల్యాబు లేదు. నెయ్యిని గుజరాత్‌లోని ఆనంద్‌కు పంపారు. రిపోర్టులో, పరాయి కొవ్వు కలిసిందేమో చెప్పే ఎస్-వాల్యూ లెక్కలు వచ్చాయి. మరుసటి గంటలో టీకొట్టు దగ్గర అందరూ రసాయన శాస్త్రవేత్తలే. ఏయే పరిస్థితుల్లో ఈ లెక్క తప్పుగా చూపవచ్చో ఆ రిపోర్టులోనే రాసుంది. ఆ పేజీ ఏ పార్టీ ఆఫీసులోనైనా చదివారా? చదివితే ప్రెస్‌మీట్ ఎట్లా పెడతారు? దేవుణ్ణైనా రాజకీయాల్లోకి లాగొద్దని సుప్రీంకోర్టు మందలించి, సీబీఐ, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రతా సంస్థ కలిసిన సిట్ వేయాల్సి వచ్చింది. మనకు శాస్త్రం మీద నమ్మకం లేదనకండి. ఎదుటివాడు ఇరుక్కునేంత వరకు బోలెడంత నమ్మకం.

ఎదురింటి అక్క సంగతి మరిచాను. ఆ పిల్లవాడు ఓపిగ్గా అద్ది, టేపుతో రెండు ముద్రలెత్తుకున్నాడు. ఒకటి పెద్దమ్మదని నా అనుమానం. రెండోది నాదే అయుండొచ్చు. పోతూ పోతూ బీరువా చూపించి “తుడవబాకమ్మా, మళ్లీ వస్తాం” అన్నాడు. ఎవరూ రాలేదు. రెండుసార్లు వెళ్లి అడిగితే “రిపోర్టు రావాల” అన్నారు. మూడోసారి అడిగితే “మీకు ఎవురి మీదైనా అనుమానం ఉండాదా?” అన్నారు.

మొన్న శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. అక్క ఇల్లంతా కడిగింది. గడపకు పసుపు రాసింది. బీరువాను తడిగుడ్డతో పైనుంచి కిందికి శుభ్రంగా తుడిచింది, పిడి చుట్టూ జానెడు మేర వదిలేసి. ఆ జానెడు చోటులో నల్లపొడి అట్లాగే ఉంది.

“ఇంకా ఎందుకక్కా అది?”

“మళ్లీ వస్తామన్నారు గదా నాయనా.”