ఒక్క చెట్టు కల్లు

నేను పోతుతాడును. ముంజలు కాయను, పండ్లు రాల్చను. కొండగట్టు కనబడే ఒక పొలం ఒడ్డున, పాత బావి పక్కన పెరిగాను. ఊళ్లో నన్ను బాయికాడి పోత్తాడు అంటారు. హనుమాన్ జయంతి వస్తే జగిత్యాల రోడ్డంతా అంజన్న మాల వేసుకున్నవాళ్లతో కాషాయమవుతుంది. వాళ్లు నా వైపు చూడరు. దీక్షలో ఉన్నవాళ్లు చూడకూడదు కూడా, ఆ నియమమంటే నాకు గౌరవం. మిగతా రోజుల్లో మాత్రం ఇక్కడ పెండ్లయినా, చావయినా, పోచమ్మ ముందు సాక పోయాలన్నా నాలాంటి చెట్టు దగ్గరికి రావలసిందే.

తాడిచెట్టుకు గెల రావడానికే పది పదిహేనేండ్లు దాటుతాయి. నన్ను నాటిన తాత నా కల్లు తాగలేదు, ఆయన మనుమలు తాగారు. చలి తగ్గే రోజుల్లో నా వంతు వస్తుంది. గౌడు మోకు నడుముకు తగిలించుకొని, కాళ్లకు బంధం వేసుకొని, పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి ఎక్కుతాడు. గెల కొసను పలచటి పొరగా గీస్తాడు. ఆ గీతలోనే అతని చేతి విద్య అంతా ఉంది. పొర మందమైతే గెల తొందరగా అరిగిపోతుంది, మరీ పైపైన గీస్తే ఊట ఆగిపోతుంది. గీసిన చోటు నుంచి లొట్టిలోకి, అంటే కల్లుకుండలోకి, ఒక్కొక్క బొట్టే రాలుతుంది. రాలేటప్పుడు అది తేటగా, తియ్యగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ తీపి అలాగే నిలుస్తుంది, బెల్లం వండవచ్చు. సున్నం లేకపోతే గాలిలో, లొట్టి గోడల్లో ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. చక్కెరను తిని సారాన్నీ కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. ఆ వాయువే నురగ. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం సారం చేరి మత్తు ఎక్కుతుంది, తెల్లారేసరికి పులుపు తిరుగుతుంది, ఆ తర్వాత అది సిర్కా.

గౌడు మేనల్లుడు మొదట దుబాయి పోయి హోటల్లో చేరాడు. అక్కడి నుంచి విలాస నౌకల్లోకి మారి, బార్‌లో షాంపేన్ పోసే పని చేస్తున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు నా మొదట్లో కూర్చొని మామకు ఆ ముచ్చట్లు చెప్పేవాడు. నేను శ్రద్ధగా విన్నవి అవే.

“మామా, ఆడ సీసాకు పేరుంటది. మూత తీసుడుకన్న ముందు అట్టను గిరాకికి సూపియ్యాలె. సూసి ఊ అన్నంకనే తియ్యాలె.”

“ఈడ చెట్టును సూపిస్తె సాలు,” అన్నాడు మామ.

షాంపేన్‌లో నురగ కూడా నాలోని నురగ లాంటిదే, పుట్టుక ఒక్కటే. పులిసిన ద్రాక్షసారాన్ని సీసాలో పోసి, మళ్లీ కొంచెం చక్కెర, ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపలే మళ్లీ పులుస్తుంది. వాయువు పోవడానికి దారి లేక అందులోనే కరిగి ఉంటుంది. కారు టైరులో ఉండే గాలికి దాదాపు మూడింతల ఒత్తిడి. అందుకే ఆ గాజు అంత మందం, బిరడా మీద ఇనుప తీగ. ఏ సంవత్సరమూ వేయని మామూలు షాంపేన్‌ను కూడా 15 నెలలు దాచనిదే అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. నేను పూటలు లెక్కపెడతాను, అది నెలలు లెక్కపెడుతుంది.

టికెట్టులోనే తాగుడు ఖర్చు కలిపే ఓడల్లో ఏ పేరున్న షాంపేన్ పోస్తారన్నదే ఓడ గౌరవమట. ఒక ప్రయాణంలో ఎప్పటి సరుకు మార్చి, చవకది తెచ్చారట. నురగ బాగానే వచ్చింది, గ్లాసులూ అవే. అయినా ఏండ్లుగా వచ్చే ముసలి దంపతులు రెండో గుటకకే కింద పెట్టేశారట. సాయంత్రానికి ఆ మాట ఓడంతా పాకింది. మరో సంగతి కూడా అతనే చెప్పాడు. గ్లాసులో బుడగలు లేచేది ఎక్కువగా లోపల అంటిన సన్నటి నూలుపోగుల దగ్గర, దుమ్ము రేణువుల దగ్గర. గ్లాసు మరీ శుభ్రంగా ఉంటే మంచి సరుకులో కూడా బుడగలు తక్కువే కనబడతాయి. బుడగ చూసి రుచి నిర్ణయించడం ఎంత పొరపాటో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

నా బాధంతా అక్కడే. మా దగ్గర తెల్లగా ఉండి నురగ కక్కేదల్లా కల్లు పేరుతో చెల్లిపోతోంది. తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్. చెట్టు మొహం చూడని నీళ్లు కూడా ప్లాస్టిక్ సీసాలో నా పేరు మోస్తున్నాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో దానికి అలవాటుపడ్డ కూలీలు, ముసలివాళ్లు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లను అలా చేసింది అందులో కలిపిన ఆ మందులే. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. ప్రతిసారీ పత్రికల్లో పడేది కల్లు అన్న మాటే. ప్రాణానికి తెగించి ఎక్కే గీతకార్మికుడికీ ఆ మచ్చ అంటుతోంది.

ఫ్రాన్సులో కూడా ఇలాగే జరిగిందని మేనల్లుడు ఓడలో శిక్షణప్పుడు విన్నాడు. 1911లో అక్కడి వ్యాపారులు బయటి ప్రాంతాల ద్రాక్షసారం తెచ్చి షాంపేన్ అని అమ్ముతుంటే ద్రాక్ష రైతులు తిరగబడ్డారు. ఆ సరుకును వీధుల్లో పారబోశారు, ఆయీ అనే ఊళ్లో గిడ్డంగులు తగలబెట్టారు. సైన్యం దిగింది. తర్వాత ఏ ఊళ్ల ద్రాక్షకు ఆ పేరు చెల్లుతుందో చట్టం గీత గీసింది. ఓడలో అట్టకు దక్కుతున్న నమ్మకం వెనుక రైతుల ఆ పోరాటం ఉంది. అది విన్నప్పుడు మా గౌడు చాలాసేపు మాట్లాడలేదు.

మాకూ మంచి ప్రయత్నాలు జరగకపోలేదు. పులియకముందే దించి చల్లగా ఉంచే నీరాకు 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ఒక కేఫే వెలిసింది. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఎక్కేవాళ్లకు పడిపోకుండా ఆపే సామాను ఇవ్వడం మొదలైంది. అది ఎప్పుడో రావలసింది. మోకు జారి నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది. కానీ కల్లు పేరును కాపాడే కవచం ఇంకా రాలేదు.

తెలిసినవాళ్లు ఇప్పటికీ ఒక్క చెట్టు కల్లే అడుగుతారు. నాలుగు లొట్లు కలిపితే ఏ చెట్టు రుచీ మిగలదు. నా కల్లులో బావి ఊట చల్లదనం ఉందని, దిబ్బ మీది తాడు కల్లు ఘాటని వేరుచేసి చెప్పగల నాలుకలు ఇంకా ఉన్నాయి. మేనల్లుడు ఒక సీసా ఓడకు పట్టుకుపోతానంటే మామ ఒప్పుకోలేదు.

“అద్దురా అల్లుడా. నువ్వు హైదరాబాద్ చేరకముందే అది పులుస్తది. పులిసినదాన్ని నా పేరు మీద పొయ్యకు.”

నా ఒంటి మీద ఎక్సైజ్ వాళ్లు వేసిన నంబరు ఉంది. దాన్ని సీసా మీద ఎందుకు వేయకూడదని మేనల్లుడికే తట్టింది. రోడ్డు మీద ఆగే కార్లకు అమ్మే సీసాల మీద చెట్టు నంబరు, దించిన పూట, దించినవాడి పేరు కాగితం మీద రాసి అంటించాడు. కొందరు అదేమిటని అడిగారు, కొందరు పట్టించుకోలేదు. ఒకాయన మాత్రం మర్నాడు తిరిగొచ్చి నంబరు చెప్పి అదే కావాలన్నాడు. ఆ పూట నా లొట్టి అప్పటికే చెల్లిపోయింది, దిబ్బ తాటిది ఉంది. అదే పోసి ఇస్తే ఆయనకు తెలిసేది కాదు. గౌడు ఉన్న మాట చెప్పాడు. ఆయన మాపటికి వస్తానన్నాడు, నాది వేరుగా దించి పెట్టమని చెప్పి బయానా ఇచ్చి పోయాడు.