హిందీ ఖర్జూరం

శుక్రవారం పచ్చిపులుసు లేకపోతే మా గదిలో ఎవరికీ సెలవు సెలవులా ఉండదు. ఆ శుక్రవారం పొద్దున చూస్తే డబ్బాలో చింతపండు లేదు. మేముండేది మదీనత్ అల్ షమాల్. పేరుకు తగ్గట్టు ఉత్తరపు పట్నమే, ఖతార్ నేల అక్కడితో అయిపోతుంది. దోహా దాదాపు 100 కిలోమీటర్లు. చింతపండు కోసం అంత దూరం ఎవడు పోతాడు? మా సూడాన్ డ్రైవరును వెంటబెట్టుకుని దగ్గర్లోని బకాలా కొట్టుకు నడిచాను.

నల్లటి దిమ్మ. కవరు పైనుంచే గింజలు వేలికి తగులుతున్నాయి. మీద ఇంగ్లీషులో టామరిండ్, కింద అరబ్బీలో తమర్ హిందీ. రెండూ ఒకటే మాటలా ఉన్నాయే అని ఫోన్‌లో వెతికాను. ఒకటే! తమర్ అంటే ఖర్జూరం, తమర్ హిందీ అంటే హిందూదేశపు ఖర్జూరం. అదే లాటిన్‌లో టామరిండస్ అయి, ఇంగ్లీషు నోట టామరిండ్‌గా అరిగింది. చాలదన్నట్టు 1753లో లినేయస్ దొర శాస్త్రీయ నామం చివర ‘ఇండికా’ తగిలించాడు. ఒక్క పేరులో మన దేశం రెండుసార్లు!

ఇక ఊరుకుంటానా? “చూశావా సదీక్, ఈ పులుపు మాది. పేరే చెబుతోంది” అన్నాను.

అతను నవ్వాడు. “మేం అరదేబ్ అంటాం. నానబెట్టి, పిసికి, చక్కెర వేసుకుని రంజాన్‌లో తాగుతాం. చెట్టు పుట్టింది ఆఫ్రికాలో. మీ దగ్గరికి వలస వచ్చింది. అరబ్బులకు మీ దేశం నుంచి అందింది గనక మీ పేరు పడింది.”

ఇందాక నాకు నచ్చిన చోట చదవడం ఆపేశాను గానీ, రెండు లైన్లు కిందికి జరిపితే అక్కడే ఉంది: జన్మస్థలం ఉష్ణమండల ఆఫ్రికా.

ఓటమి మింగుడుపడక మాట మార్చాను. మా భాషలో ఈ చెట్టు పేరు చింత, దిగులునూ చింతే అంటాం అన్నాను.

“మంచి భాష” అన్నాడు. “చెట్టు పరాయి దేశం పోయి ఆ దేశం పేరు సంపాదించుకుంది. మనం ఇక్కడికొచ్చి 14 ఏళ్లు. మనకు ఆ రెండో చింతే దొరికింది.”

డబ్బులివ్వడానికి పర్సు తీశాను. నోట్ల వెనక నా బతాకా, ఇక్కడి నివాస గుర్తింపు కార్డు. జాతీయత దగ్గర ‘అల్ హింద్’ అని ఉంది. గడువు ఇంకా 11 రోజులు.