పేరు గొప్ప, వివరణ దిబ్బ

కోడ్ రాసే ఏఐ సహాయకుడికి అప్పగించే ప్రతి టూల్‌కూ, అంటే అది పిలిచి వాడుకునే ప్రతి ప్రోగ్రామ్‌కూ, మూడు అంగాలుంటాయి: పేరు, వివరణ, ఇవ్వాల్సిన ఇన్‌పుట్ల జాబితా. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తెచ్చిన ఫంక్షన్ కాలింగ్‌లోనూ, ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ఏర్పాటు ఇదే. టూల్ లోపల నడిచే కోడ్‌ను సహాయకుడి వెనకున్న మోడల్‌కు చూపరు. దేన్ని ఎప్పుడు వాడాలో అది ఈ మూడూ చదివే తేల్చుకోవాలి.

వాటిని రాయడంలో పలు సంప్రదాయాలున్నాయి. మొదటిది మౌనవ్రతం: 'డేటా తెస్తుంది' అని ఊరుకోవడం. ఏ డేటా, ఎక్కడిది అన్నది దైవాధీనం. రెండోది కవలల పద్ధతి: 'వెతుకు', 'శోధించు' అని రెండు టూళ్లు పక్కపక్కనే పెట్టి, తేడా చెప్పకపోవడం. మూడోది పొడుపుకథ: తేదీ అడిగి, ఏ వరసలో ఇవ్వాలో దాచడం. 05-06 అంటే హైదరాబాద్‌లో జూన్ అయిదు, అమెరికాలో మే ఆరు. నాలుగోది పురాణం: పేజీలకు పేజీలు. ప్రతి మాటా మోడల్ కాంటెక్స్ట్‌లో, అంటే అది ఒకేసారి చదవగలిగే పరిధిలో, చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పని మొదలవకముందే సగం బుర్ర నిండిపోతుంది.

సరైన వివరణలో ఉండాల్సినవి కొన్నే: టూల్ ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలి, తిరిగి ఏమొస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవారికి చెప్పాల్సినవీ ఇవే. వారికీ ఎవరూ చెప్పరు.

మోడల్ తప్పు టూల్ పట్టుకున్నప్పుడు మాత్రం 'ఏఐకి బుర్ర లేదు' అన్న వివరణ తడుముకోకుండా, స్పష్టంగా, పూర్తి వాక్యంలో వెలువడుతుంది.